తలుపు మీద పడుకున్న ఎండాకాలం

మా మనవరాలు కీర్తన తల చుట్టూ ఇప్పుడు ఒక ఇనుప వలయం ఉంది. నుదుటి మీద రెండు, చెవుల వెనక రెండు, మొత్తం నాలుగు మరలు చర్మాన్ని దాటి ఎముకకు ఆనుకుని ఆ వలయాన్ని పట్టి ఉంచుతాయి. దాని నుంచి నాలుగు కడ్డీలు దిగి, ఛాతీకీ వీపుకీ తొడిగిన గట్టి చొక్కాలో బిగిసి ఉంటాయి. చొక్కా లోపల గొర్రె ఉన్నిలాంటి మెత్త. పాఠాలు చెప్పే బడికి పోతుంటే స్కూటీ కంకర మీద జారి పడి, మెడ ఎముక చిట్లింది. మూడు నెలలు మెడ కదలకూడదన్నారు డాక్టర్లు. సంగతి తెలిసి నేను భూపాలపల్లిలో మా కొడుకు ఇంటి నుంచి బస్సెక్కి జనగామలో మా బిడ్డ సునీత ఇంటికి చేరేసరికి, దవాఖాన నుంచి వచ్చిన నర్సమ్మ సునీతకు పనులు నేర్పిస్తోంది. మరల చుట్టూ రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లలో ముంచిన దూదితో తుడవాలి. ఒక మరకు వాడిన దూది ఇంకో మరకు వాడొద్దు. ఎర్రబడినా, చీము కనిపించినా వెంటనే ఫోన్ చేయాలి. పిల్లను లేపేటప్పుడు కడ్డీలు పట్టుకోవద్దు, వీపు కింద చెయ్యి వేసి లేపాలి. చొక్కా తడవొద్దు. దాని లోపలికి పొడుగాటి బట్ట పట్టీని మెడ దగ్గర దూర్చి, నడుము దగ్గర అందుకుని, అటొకసారి ఇటొకసారి లాగుతూ చెమట తుడవాలి.

ఆ పట్టీ లాగడం చూడగానే నాకు నవ్వొచ్చింది.

"ఏందమ్మమ్మా, నా అవతారం సూసి నవ్వుతున్నవా?" అన్నది కీర్తన. తల తిప్పలేదు కదా, మనిషి మొత్తం తిరిగింది.

"నీ అవతారం సూసి కాదు బిడ్డా. గా పట్టీ నాకు ఎరుకే. మా అవ్వ నాకు గిట్లనే గుంజేది."

"నీకు గూడ మెడ ఇరిగిందా? ఎన్నడు జెప్పలేదేంది?"

చెప్పలేదు, నిజమే. పిల్లల్ని కన్నాను, పెంచాను, వాళ్ల పిల్లల్నీ ఎత్తుకున్నాను, ఆ ఒక్క ఎండాకాలం గురించి మాత్రం నోరు విప్పలేదు. ఇప్పుడైనా విప్పేదాన్ని కాదేమో. నర్సమ్మ వెళ్లిన కాసేపటికి కీర్తన పనిచేసే బడి యజమాని ఫోన్ చేశాడు. ఆ బడి పేరు ఇక్కడ రాయను. ఫోన్ చెవికి ఆనించడానికి కడ్డీలు అడ్డం కనుక కీర్తన స్పీకరు పెట్టింది, ఆయన మాటలు గదంతా వినిపించాయి. "మీరు రావద్దని కాదు మేడం. చిన్న పిల్లలు జడుసుకుంటరు. పేరెంట్స్ అడుగుతరు. గా వలయం తీసినంక రాండ్రి, మీ జాగ మీకే ఉంటది." డాక్టరు నడవమన్నాడు, కూర్చుని పాఠం చెప్పుకోవచ్చన్నాడు. ఆ కాగితం చూపించే అవకాశం కూడా ఇవ్వకుండా ఆయన ఫోన్ పెట్టేశాడు.

సునీత వంటింట్లోంచి వచ్చి, "ఆయన జెప్పిందాంట్ల తప్పేమున్నది? మూడు నెల్లు ఇంట్ల కూసో. చర్చికి గూడ వద్దు. నలుగురి కండ్ల పడకుంటే అదే పోతది" అన్నది.

నేను కోపం తక్కువ మనిషిని. తెల్లారి కళ్లు తెరుచుకున్నందుకు, కాళ్లు నేలకు ఆనినందుకు, కోడలు ఇచ్చే చాయకు, ఆ చాయలో పడిన అల్లం ముక్కకు కూడా ప్రభువుకు స్తోత్రం చెప్పుకునే అలవాటు నాది. "మా అమ్మ స్తోత్రాలయ్యేసరికి చాయ చల్లారుతది" అని కొడుకు ఎగతాళి చేస్తాడు. కానీ నా కడుపున పుట్టిన బిడ్డ నోట్లోంచి 'నలుగురి కండ్ల పడకుంటే' అన్న మాట వినగానే నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాట నేను తొమ్మిదేళ్ల వయసులో విన్నాను. అన్నవాడు మా ఊరి దొర.

మా ఊరు నర్సింహులపేటకు కోసెడు దూరం. ఊరి నడుమ దొర గడి, ఎత్తైన గోడలు, ఏనుగు పట్టేంత దర్వాజ. మా వాడలో ప్రతి ఇంటి నుంచి ఎవరో ఒకరు గడిలో కూలి లేకుండా చాకిరీ చేయాలి. దాన్ని వెట్టి అనేవాళ్లు. అమ్మ వడ్లు దంచేది. నాయిన ఎడ్ల కొట్టం చూసుకునేవాడు. నాయినకు జ్వరం తగిలిన ఒకరోజు, ఆయన బదులు గడ్డి దులపమని నన్ను వాము మీదికి ఎక్కించారు. ఎక్కించినవాడు కారోబారి, అంటే గడిలో పెత్తనమంతా చూసేవాడు. తొమ్మిదేళ్ల పిల్ల వాము మీద నిలబడగలదా అని అతనికి తోచలేదు. మా పిల్లల గురించి అట్లా ఆలోచించడం ఆ గడిలో ఎవరికీ అలవాటు లేదు.

జారాను. నెత్తి ముందు నేలకు తగిలింది. లేచి కూర్చున్నాక నొప్పి కన్నా ముందు ఒక భయం తెలిసింది. చేతులతో పట్టుకోకపోతే తల పక్కకు ఒరిగి పడిపోతుందని. రెండు అరచేతులతో చెంపలు పట్టుకుని, నిండు కుండను మోసినట్టు నా తలను నేనే మోసుకుంటూ ఇంటిదాకా నడిచాను. వెనక నుంచి కారోబారి అరుపు వినిపిస్తూనే ఉంది. "యేషాలేస్తున్నవా పోరీ? గడ్డి నీ తాత దులుపుతడా?"

మా అవ్వ, అంటే నాయిన తల్లి, గడప మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. "చేతులు తియ్యకు బిడ్డా, గట్లనే వట్టుకో" అన్నది. వాడలో వాళ్లు పోగయ్యారు. ఆముదం రాసి మెడ ఒక్కసారి విరిస్తే సర్దుకుంటుందని ఒకరు సలహా చెప్పారు. "దాని మెడ ముట్టినోళ్ల చెయ్యి ఇరుస్త" అన్నది అవ్వ. ఆ ఒక్క మాటకు నేను బతికినన్నాళ్లూ స్తోత్రం చెప్పినా తీరదు. ఆ రోజు ఎవరైనా చెయ్యి వేసి ఉంటే నేను ఈ నాలుగు ముక్కలు రాయడానికి మిగిలేదాన్ని కాదని తర్వాత దవాఖానలో చెప్పారు.

నాయిన జ్వరంతోనే లేచి, మా గుడిసెకు ఉన్న ఒక్క తలుపునూ పీకాడు. టేకు చెక్క తలుపు, మా ఇంట్లో అంతకన్నా విలువైన వస్తువు లేదు. నన్ను దాని మీద పడుకోబెట్టి, తలకు ఇరువైపులా గొంగడి మడతలు పెట్టారు. బండి కట్టినవాడు ఖాసిం మామ. ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టడం ఆయన పని. మా వాడకు పక్కనే ఇల్లు. మానుకోట రైలు స్టేషన్ దాకా ఆయన బండి ఎక్కనే లేదు. ఎడ్ల ముందు నడుస్తూ, కాడి పట్టుకుని, రాయి కనిపించినప్పుడల్లా "జర ఆరాంగ, జర ఆరాంగ" అని వాటిని బతిమాలుతూ వచ్చాడు. అక్కడి నుంచి రైల్లో డోర్నకల్. డబ్బాలో తలుపు అడ్డంగా పడితే జనం గొణిగారు, నన్ను చూసి ఊరుకున్నారు.

మిషన్ దవాఖానలో తెల్ల డాక్టరమ్మ నాకు పిండికట్టు వేసింది. కీర్తనకు వేసిన వలయం ఆ రోజుల్లో లేదు. తడి గుడ్డకు తెల్లపిండి పట్టించి, జుట్టు గొరిగించిన నా తల చుట్టూ, గడ్డం కింద, మెడకు, భుజాలకు, తుంటి దాకా పొరలు పొరలుగా చుట్టారు. ముఖం, చెవులు, చేతులు, కాళ్లు మాత్రమే బయట. ఆరేటప్పుడు వెచ్చగా అనిపించింది, ఆరాక రాయి అయింది. చుట్టకముందే ఒంటికి ఆనించి ఒక పొడుగాటి పట్టీ లోపల పెట్టింది డాక్టరమ్మ, రెండు కొసలూ బయటికి వేలాడేలాగా. వారానికొకసారి పాత పట్టీ కొసకు కొత్తది కుట్టి లాగితే, కొత్తది లోపలికి, పాతది బయటికి వస్తుంది. అవ్వకు ఆ పని రెండుసార్లు చేయించి చూపింది. పుస్తకంలో నేర్చుకున్న తెలుగులో ఒక్కో మాట ఒత్తి పలుకుతూ, "మూడు నెలలు. ఈ కట్టును నేనే విప్పుతాను. మరి ఎవరూ ముట్టకూడదు. ముందుగా విప్పితే ఊపిరి ఆగిపోవచ్చు" అన్నది. అవ్వ ఆ మాటలను బైబిలు వాక్యం నేర్చుకున్నట్టు కంఠస్థం చేసింది.

కొన్నాళ్లు దవాఖానలో ఉంచుకుని ఇంటికి పంపారు. నులక మంచం మీద పడుకుంటే నడుమ కుంగుతుంది, గట్టి చెక్క కావాలన్నారు. నాయిన ఆ తలుపునే మంచం మీద పరిచాడు. మా గుడిసెకు తలుపు లేకుండా పోయింది. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారన్న మాట, దొరలకు ఎదురు తిరగమనే సంఘం వాళ్లు గొంగడి కప్పుకుని వాడల్లోకి వస్తున్నారన్న మాట రోజూ వినబడే రోజులు. వాకిలి తెరుచుకుని ఉన్న ఇంట్లో పడుకోవడానికి అమ్మ భయపడేది. "మన ఇంట్ల ఏమున్నదని వస్తరే? అంబలి కుండ ఎత్కపోతరా?" అనేది అవ్వ.

అవ్వ దినచర్య నా ఒంటి చుట్టూ తిరిగేది. పొద్దున లేవగానే ఆమె, నాయిన చెరొక వైపు నిలబడి నన్ను దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా పక్కకు తిప్పేవాళ్లు. నాయిన గడికి పోయాక అవ్వ పట్టీ లాగేది. గడ్డం కింద కట్టు ఉన్నందున నోరు వేలెడే తెరుచుకునేది. అందుకని జొన్న అంబలిని వడగట్టి, పెరట్లో బొప్పాయి ఆకు కాడ కోసి, దాని గొట్టంతో పీల్పించేది. రోజుకొక కొత్త కాడ. ఆ పచ్చి వాసన ఇప్పటికీ నా అంబలిలో ఉంటుంది. ఒకసారి అంబలి చుక్కలు గడ్డం కిందికి జారి చీమలు కట్టు లోపలికి దూరాయి. గోక్కోలేను, దులుపుకోలేను, లోపల నడుస్తున్నాయి. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు దేవుడికి తప్పకుండా వినపడి ఉంటుంది. అవ్వ పొయ్యి ఊదే గొట్టం తెచ్చి, మెడ దగ్గర సందులో పెట్టి, బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదింది. ఆ గాలి వీపు మీదుగా దిగి నడుము దగ్గర బయటికి వచ్చినప్పటి హాయిని ఏ ఏసీ గదిలోనూ నేను ఎరగను. ఆ తర్వాత మంచం కోళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టింది. దురద పుట్టినప్పుడల్లా "అవ్వా, ఊదు" అనేదాన్ని. పొయ్యి దగ్గర ఉన్నా సగంలో వదిలి వచ్చేది.

ఎండలు ముదిరాక గుడిసె లోపల ఉడికిపోయేది. మధ్యాహ్నం దాటాక నన్ను లేపి, చూరు నీడలో గడప మీద కూర్చోబెట్టేవాళ్లు. దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు, పలకరించేవాళ్లు. "ఏం పోరీ, సున్నమేసిన గోడ లెక్క కూసున్నవ్?" అంటే నేను పళ్ల సందుల్లోంచి నవ్వేదాన్ని. అక్కడే వచ్చింది తంటా.

దొర ఎక్కే కచ్చురం బండి మా వాడ దారిన పోతే, మువ్వల చప్పుడు వినగానే ఎక్కడివాళ్లు అక్కడ లేచి నిలబడాలి. మగవాళ్లు తలపాగా తీసి చంకలో పెట్టుకోవాలి. ఆడవాళ్లు, పిల్లలు కూడా తల వంచి నేల చూడాలి. బండి మలుపు తిరిగేదాకా ఎత్తకూడదు. మాకు అది శ్వాస తీసుకోవడంలాంటి అలవాటు, నేర్పినట్టు కూడా గుర్తులేదు. ఆ రోజు బండి వచ్చింది. అందరూ వంగారు. నన్ను అవ్వ లేపి నిలబెట్టింది, చేతులు జోడించాను. కానీ నా తల ఎటు పెడితే అటే ఉంటుంది కదా. నేను దొరను సూటిగా చూశాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన ముఖం చూశాను. మామూలు ముఖం, మీసాల దగ్గర చెమట పట్టి ఉంది.

సాయంత్రం కారోబారి వచ్చాడు. "గా పోరి దొర మొఖంలకు మొఖం పెట్టి సూసిందట. ఎవడు నేర్పిండు? సంఘపోళ్లా?" అన్నాడు. నాయిన కట్టు సంగతి చెప్పాడు. దవాఖాన, డాక్టరమ్మ, మూడు నెలలు, అన్నీ. "మూడు నెలల్ల ఊరంత తల లేపుతది. రేపు పొద్దుగాల గడికి తీస్కరాండ్రి. దొర ముంగట వంగాలె, లేకుంటే గా కట్టు కోసెయ్యాలె" అన్నాడు కారోబారి.

ఆ రాత్రి అమ్మ ఏడ్చింది. అవ్వ ఒక్కతే లెక్క పెట్టింది. ఇంకా ఐదు వారాలు ఉంది.

తెల్లారి తలుపు మీదే నన్ను మోసుకుపోయారు. గడిలో దొర బిడ్డ పెండ్లికి పచ్చటి పందిరి వేసి ఉంది. పందిరి పక్కన అమ్మ ఇంకా నలుగురితో కలిసి వడ్లు దంచుతోంది. కొట్టం దగ్గర ఖాసిం మామ పెండ్లి బండ్ల ఎడ్లను పడేసి గిట్టలు చెక్కుతున్నాడు. దొర అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. కారోబారి నన్ను నిలబెట్టించాడు.

"ఆఁ, ఇగ దండం బెట్టు. తల వంచు" అన్నాడు.

"వంగది దొరా, నీ బాంచన్" అన్నాడు నాయిన.

"అయితే బోర్ల పండబెట్టుండ్రి" అన్నాడు దొర.

నాయిన, అవ్వ నన్ను దుంగలాగా పట్టి, బోర్లా నేల మీదికి దించారు. అమ్మ రోకలి ఆగింది. "దంచు!" అని అరిచాడు కారోబారి. రోకలి మళ్లీ పడింది. ఆ తర్వాత జరిగినదంతా నాకు ఆ రోకలి చప్పుడుతోనే గుర్తుంది. కన్నబిడ్డను మట్టిలో బోర్లించి, తల్లిని మాత్రం దంచమన్నారు. దేవుడు క్షమించమన్నాడు, చాలా క్షమించాను. ఆ ఒక్క 'దంచు'ను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

బోర్లా పడుకున్నా నా ముఖం నేలకు ఆనలేదు. గడ్డం కింద కట్టు దాన్ని ఎత్తి పట్టింది. నా కళ్లు సరిగ్గా దొర కాళ్లకు ఎదురుగా ఉన్నాయి. కుడికాలి బొటనవేలికి పసుపు మరకల గుడ్డ చుట్టి ఉంది. దొరకు కూడా దెబ్బలు తగులుతాయా అనుకున్నాను. ఎవరో కిసుక్కున నవ్వి, "పోరి ఇంక దొర దిక్కే సూస్తాంది" అన్నారు. దొర నవ్వలేదు. "ఖాసింను పిలువుండ్రి. గిట్టలు చెక్కే కత్తి ఉన్నది గదా" అన్నాడు.

ఖాసిం మామ కత్తి, ఆకురాయి పట్టుకుని వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎద్దు గిట్టను తట్టినట్టు వేలి కణుపుతో కట్టును తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. సందులో వేలు పెట్టి చూశాడు. ఆయన చేతి వేళ్లకు ఎడ్ల వాసన, ఇనుము వాసన.

"దొరా" అన్నాడు. "గీ కట్టు తోలుకు అతుక్కపోయింది. కోస్తే తోలు ఊడి ఎంబడి వస్తది. నెత్తురు ఆగది. పోరి గీడనే పాణమిడుస్తది."

నేను అబద్ధం ఆడకూడదని నేర్చుకున్న పిల్లను. లోపల పట్టీ అటూ ఇటూ జరుగుతుంది కదా, అతుక్కోలేదు కదా. "లేదు మామా, పట్టీ జరుగుతది" అని చెప్పబోయాను. గడ్డం కట్టు వల్ల మాట నోట్లోనే ముద్దయి, మూలుగులాగా బయటికి వచ్చింది.

"సూడుండ్రి, వేలు పెడితెనే మూల్గుతాంది" అన్నాడు ఖాసిం మామ. గొంతు తగ్గించి, "నాకేంది దొరా, మీరు కొయ్యమంటె కోస్త. ఇంట్ల పెండ్లి పందిరేసి ఉన్నది. పందిట్ల పీనుగ లేస్తే మంచిగుండదని..." అన్నాడు. పూర్తి చేయలేదు.

దొర పందిరి వైపు చూశాడు. లోపల గాజుల చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు. కాలు వెనక్కి తీసుకున్నాడు, నేను అంటుకుంటానన్నట్టు.

"గా కట్టు ఊడేదాక గా పోరి నలుగురి కండ్ల పడొద్దు. తలుపేసి లోపట ఉంచుండ్రి."

"తలుపు లేదు దొరా, దాని మీదనే పంటది" అన్నాడు నాయిన.

"అయితే తలుపు పెట్టు."

అదీ తీర్పు. వాము ఎక్కించినవాడికి శిక్ష లేదు, పడినదానికి చీకటి. ఆ పూటే తలుపు మంచం మీది నుంచి లేచి గుమ్మానికి వెళ్లింది. దీపాలు పెట్టకముందే ఖాసిం మామ తన బండి వెనక పలక ఊడదీసి తెచ్చి మంచం మీద పరిచాడు. "మామా, అబద్ధం జెప్పినవ్" అన్నాను. "నువ్వు నిజం జెప్పబోతివి గద బేటీ, ఇద్దర్ల ఒక్కరు జెప్తే సాలు" అని నవ్వాడు. ప్రతి ఉదయం నేను స్తోత్రం చెప్పే వాటిలో ఆ అబద్ధం ఒకటి. పాస్టరుగారికి ఎన్నడూ చెప్పలేదు.

ఐదు వారాలు మూసిన తలుపు వెనక ఉన్నాను. చూరు సందులోంచి పొద్దుటి వెలుగు ఒక బారెడు తలుపు మీద పడేది. నాయిన గడి నుంచి వచ్చిన మరునాడే నాకు చదువు మొదలుపెట్టాడు. ఊళ్లు తిరిగి బైబిలు బోధించే ఉపదేశి దగ్గర తాను కూడబలుక్కున్న అక్షరాలే. నేను కిందికి చూడలేను కనుక పలక పనికిరాదు. తలుపు లోపలి వైపు, నా కళ్లకు ఎదురుగా, సున్నపు ముక్కతో పొద్దున్నే రెండు మూడు అక్షరాలు రాసి పనికి పోయేవాడు. పగలంతా వాటినే చూసేదాన్ని. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోకుండానే, "ఏందవి?" అని అడిగేవాడు. అక్షరాలయ్యాక మాటలు, తర్వాత నా పేరు, రూతు. బడి గడప నేను ఎన్నడూ తొక్కలేదు. ఇప్పటికీ పుస్తకం ముఖానికి ఎదురుగా నిలబెట్టి చదువుతాను, ఒళ్లో పెట్టుకుంటే అక్షరాలు అందవు. అవ్వ మాత్రం ఆ ఐదు వారాలూ చెమటకు తడిసిన పట్టీలు ఉతకలేక చచ్చింది. రోజుకు రెండుసార్లు మార్చేది. కట్టు లోపల వాసన పుట్టి అన్నం సయించేది కాదు. ఆ ఉక్కలో ఊది ఊది ఆమెకు ఆయాసం పట్టుకుంది. అది ఆమె పోయేదాకా పోలేదు.

మొదటి వాన పడే ముందు డోర్నకల్‌లో డాక్టరమ్మ కట్టు విప్పింది. లోపల నా చర్మం పొట్టు రాలుతోంది, మెడ కోడిపిల్ల మెడలాగా ఉంది. ఒక్క పుండు లేదు. డాక్టరమ్మ అవ్వ చేతులు పట్టుకుంది. రోజుకు పదిసార్లు మెల్లగా తల వంచి ఎత్తాలని నాకు చెప్పింది. నేను ఆ పని గోడ వైపు తిరిగి, ప్రార్థనలో చేసేదాన్ని. దారిలో చేయలేదు. మువ్వల చప్పుడు వింటే ఇంట్లోకి పరిగెత్తేదాన్ని, అవ్వ ఏమీ అనేది కాదు. కొన్నాళ్లకు సంఘం జోరు పెరిగి దొరే పట్నం పారిపోయాడు. గడిలో వెట్టి ఆగింది. అమ్మ మళ్లీ రోకలి పట్టలేదు, మా ఇంటి వడ్లకు కూడా. ఆ వెనక యూనియన్ పటాలాలు వచ్చి, రోజులు మరోవైపు తిరిగినప్పుడు, రజాకార్లు చేసిన పాపానికి ఏ పాపమూ ఎరగని తురక ఇళ్ల మీద జనం పడ్డారు. ఖాసిం మామ పెళ్లాం పిల్లలతో రాత్రికి రాత్రి ఊరు విడిచాడు. బండి వెనక పలక లేకుండానే పోయింది, అది అప్పటికీ మా మంచం మీదే ఉంది. మా ఊళ్లో తల ఎత్తడం నేర్చుకున్న వాళ్లలో ఒక్కరూ ఆయన కోసం నోరెత్తలేదు. దొర కొడుకులేమో పట్నంలో మేడలు కట్టుకున్నారు. ఇవి రాస్తుంటే నా అక్షరాలు వంకరపోతున్నాయి.

ఇదంతా చెప్పి ముగించేసరికి సునీత పొయ్యి మీద కూర మాడింది. ఆమె లేచి పోయి పొయ్యి ఆపి వచ్చి, నా పక్కన కూర్చుంది.

"నేను గా దొర లెక్క అన్ననా అమ్మా?"

"నువ్వు భయపడి అన్నవ్ బిడ్డా. గా దొర గూడ భయపడే అన్నడు. లోపట ఉన్నోళ్లకు తేడా తెల్వది."

ఎంత మారిందో చూస్తున్నాను. నాలుగు మరలు, తేలికైన కడ్డీలు, చేతిలో ఫోన్, ఇంటికి వచ్చే నర్సమ్మ. ఇన్నిటికీ స్తోత్రం. దెబ్బ తగిలిన మనిషిని దాచిపెట్టాలనే బుద్ధికి మాత్రం ఇన్నేళ్లలో ఏ వైద్యమూ దొరకలేదు.

ఆదివారం కీర్తనను చర్చికి తీసుకుపోయాము. వంగి కాలి కింద చూసుకునే వీలు లేదు కనుక ఒక్కో మెట్టూ నేను చెప్పాను, సునీత చెయ్యి పట్టింది. జనం చూశారు. ముందు బెంచీలో కూర్చున్నాము. ఒక చిన్నపిల్ల దగ్గరికి వచ్చి, "అక్కా, కిరీటమా?" అని అడిగింది. "కాదురా, మెడకు సైకిల్ స్టాండు" అన్నది కీర్తన. పిల్ల జడుసుకోలేదు. మరలు లెక్కపెట్టి, నాలుగని తల్లికి చెప్పడానికి పరిగెత్తింది.

పాస్టరుగారు తలలు వంచి ప్రార్థన చేద్దామన్నారు. చుట్టూ అందరూ వంగారు. నేను జీవితమంతా అక్కడొక్కచోటే ఇష్టంగా తల వంచాను. ఆ రోజు వంచలేదు. నా మనవరాలి పక్కన, ఆమె ఎటు చూస్తోందో అటే చూస్తూ కూర్చున్నాను. ప్రభువు ఏమీ అనుకోలేదు. కీర్తన తల తిప్పి చూడలేదు కదా, చేత్తో తడిమి నా ముఖం ఎక్కడుందో వెతికింది. ఎత్తి ఉన్న నా గడ్డం ఆమె వేళ్లకు తగిలింది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగింది.

ప్రార్థన ముగియకముందే మెల్లగా అన్నది, "అమ్మమ్మా, రేపు బడికి పోత. డాక్టర్ రాసిచ్చిన కాయిదం సార్ చేతుల పెడత. రావద్దంటే నా మొఖం సూసి చెప్పాలె."

"ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి."

"ఏడింటికే లే. పట్టీ నేను గుంజుత."